పడుగు దిగేలోగా

మా ఒంటిగది ఖోలీ పొడవు ఇరవై రెండు అడుగులు, వెడల్పు పది. టెక్నికల్ స్కూల్లో కొలతల పాఠం మొదలైన వారమే ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచాను. అప్పటిదాకా మా ఇల్లు చిన్నదని తెలుసు గాని, ఎంత చిన్నదో తెలియదు. వీధి వైపు పదిహేను అడుగులు మగ్గానివి. వెనక మిగిలిన ఏడు అడుగుల్లో పొయ్యి, నీళ్ళ బిందెలు, అవ్వ బీడీల చాట, పైన అటక, ఆ అటకకు ఒక నిచ్చెన. మా ఇళ్ళల్లో అమ్మను అవ్వ అంటాం. నాయన, అవ్వ, అన్న, వదిన, నేను, మొత్తం అయిదుగురం ఆ కొలతల్లో బతికేవాళ్ళం.

మాది గుంట మగ్గం. నేసేవాడు గుంటలో కాళ్ళు పెట్టుకొని నేల అంచున కూర్చుంటాడు. అతని ముందు నుంచి పడుగు, అంటే పొడవుగా సాగదీసిన నూలు, గది నిడివంతా మోకాలికి కొంచెం పైన పరుచుకొని పొయ్యి దగ్గరి గుంజకు కట్టి ఉంటుంది. మగ్గం చట్రమూ నూలు సామానూ పోను, పడుగుకూ గోడకూ మధ్య నడవడానికి మిగిలింది అడుగున్నర సందు. వీధిలోకి పోవాలన్నా, వంటింట్లోకి రావాలన్నా ఆ సందులోంచే, పక్కకు తిరిగి. ఒకసారి పడుగు ఎక్కించాక అది చీరలుగా మారి పూర్తిగా దిగేదాకా మగ్గాన్ని కదిలించే దారి లేదు. భవాని పేట్‌లో, ఈ మరాఠీ ఊరికి వలస వచ్చిన మా నేతవాళ్ళ ఇళ్ళన్నీ ఇంతే. మేం ఇంట్లో మగ్గం పెట్టుకోలేదు, మగ్గంలో ఇల్లు పెట్టుకున్నాం.

ఆ ఏడు వానలతో పాటు ఫ్లూ జ్వరం వచ్చింది. పెద్ద మిల్లుల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగాయి, బీడీ కార్ఖానాల్లో ఆకులు తీసుకోవడానికి ఆడవాళ్ళు రాలేదు, మా స్కూలు మూసేశారు. వానలు తగ్గుముఖం పట్టేసరికి జ్వరమూ తగ్గింది. కాని చలి మొదలయ్యాక మళ్ళీ వస్తుందని చదువుకున్నవాళ్ళూ అన్నారు, చదువుకోనివాళ్ళూ అన్నారు. మునిసిపాలిటీ మనిషి ఒకాయన గల్లీలో తిరిగి గడప గడపకూ చెప్పి పోయాడు: నీళ్ళు కాచి తాగండి, గ్లాసులు కలపకండి, కిటికీలు తెరిచి పెట్టండి, జ్వరం వచ్చినవాళ్ళను వేరే గదిలో ఉంచండి.

వదిన సందులోంచి తల బయటికి పెట్టి, "వేరే గది మా అత్త కొంగుకు ముడేసుకున్నది సాబ్. ఇప్పినంక సూపిస్తం" అంది.

ఆయన నవ్వలేదు. ఆమె కడుపు వైపు చూసి, "మీరు జర భద్రం బాయీ" అని పక్కింటికి పోయాడు. వదిన కూడా నవ్వు ఆపేసింది.

వదినకు దీపావళి దాటాక నెలలు నిండుతాయి. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం మా పద్ధతి. ఆమె పుట్టిల్లు సిరిసిల్ల వైపు. రెండు రైళ్ళు, ఒక బస్సు, ఎక్కడ చూసినా దగ్గేవాళ్ళు. నాయన, "పంపేది లేదు, పురుడు ఈడనే" అన్నాడు.  ఎదురింటి కోడలు సంగతి అందరి మనసులోనూ ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆ సంగతి ఇక్కడే చెప్పాలి. మా ఎదురింటాయన నాయనకు బావ వరస, నాకు మామ. మొదటి జ్వరంలో ఆ ఇల్లంతా ఒకేసారి మంచాన పడింది. మగ్గం మీద సగం నేసిన పడుగు ఉంది. గంజి పెట్టిన నూలును వానాకాలంలో అలాగే వదిలేస్తే బూజు పట్టి పోగుకు పోగు అంటుకుపోతుంది. అందుకని నేసేవాడు పడిపోతే పక్కింటివాడు వెళ్ళి ఆ పడుగు దించి రావడం మా గల్లీలో ఆనవాయితీ. ఎవరి నాడె వాళ్ళు నడుముకు దోపుకొని వెళ్తారు. నాడె అంటే అడ్డపు నూలును కడుపులో పెట్టుకొని పడుగు మధ్యలోంచి అటూ ఇటూ పరుగెత్తే చెక్క పడవ. అలా నాయన తన నాడెతో వెళ్ళి వాళ్ళింట్లో నేశాడు. ఆ ఇంట్లో కాళ్ళ మీద నిలబడి ఉన్నది కోడలొక్కతే. పురిటి నీళ్ళు పోసుకొని ఎంతో కాలం కాలేదు. ఆమే నాయన పక్కన కూర్చొని నాడెల్లో నూలు నింపి ఇచ్చింది. నాయనకు అప్పటికే గొంతు గరగరలాడుతోంది. దుమ్ము అన్నాడు. పడుగు దిగిన మర్నాడు ఆయన ఇక్కడ పడిపోయాడు, ఆమె అక్కడ పడిపోయింది. నాయన లేచాడు. ఆమె లేవలేదు. చంటివాణ్ణి ఇప్పుడు మామ పెద్దకూతురు సాకుతోంది.

నాయన లేచాడు గాని ఆయన ఊపిరి లేవలేదు. గుంటలో దిగి నాలుగు సార్లు తొక్కితే ఆయాసం. ఆయన నాడె గూట్లోకి చేరింది.

స్కూలు ఇంకా తెరవలేదు, నాకు ఎదురుగా ఒక పని ఉంది: రెండో జ్వరం వచ్చేలోపు ఈ ఇరవై రెండు అడుగుల్లో ఒక బాలింతను దాచే చోటు తయారు చేయడం. కాగితం మీద ఇల్లు గీశాను. జ్వరం ఎవరికి వచ్చినా అటక మీదికి. వంటింటి నీళ్ళు కాచి, మూతపెట్టిన రెండు బిందెల్లో. ప్రతివాళ్ళ గ్లాసుకూ ఒక రంగు దారం: నాయనది నలుపు, అవ్వది పసుపు, అన్నది నీలం, వదినది ఎరుపు, నాది తెలుపు. జొన్నలు, కంది పప్పు, కిరోసిన్, సబ్బు, గోడలకు సున్నం, చేతులు కడగడానికి పొటాషియం పర్మాంగనేట్. పురుడు మాత్రం వీధి వైపు, మగ్గం చోటులో. వెనక పొగ, తడి, మీద జ్వరపు అటక, అందుకని అక్కడ కుదరదు. పడుగు దిగగానే గుంట మీద పలకలు పరిచి, దాని మీద మంచం వేసి, మధ్యలో చాదర్ కట్టాలి. ఆ ఒక్క షరతు మీద తక్కిన పథకమంతా వేలాడుతోంది: వదినకు నొప్పులు వచ్చేలోగా పడుగు దిగాలి.

మొదటి యుద్ధం కిటికీ దగ్గర ఓడిపోయాను. వీధి వైపు ఒకే కిటికీ. నాయన దానికి ఎప్పుడూ తడి గోనె కట్టి ఉంచేవాడు.

"నాయినా, గాలి ఆడాలంటున్నరు. గోనె తీస్త."

"తియ్. తీసి నువ్వే అతుకు తెగిన పోగులు. పొడి గాలి తలిగితె పడుగు పటపట తెగుతది. మీ స్కూల్ల చెప్పలేదా?"

చెప్పారు. గాలిలో తేమ తగ్గితే నూలు బలం తగ్గుతుందని మాకు ప్రత్యేకంగా ఒక పాఠమే ఉంది. గాలి ఆడితే పోగులు తెగుతాయి, పోగులు తెగితే పడుగు ఆలస్యం, పడుగు ఆలస్యమైతే వదినకు చోటు లేదు. గోనె తీయలేదు. తడి గోనె వాసన, గంజి వాసన, అవ్వ చాటలోని పొగాకు ఘాటు కలిసి ఆ గదిలో ఒక నాలుగో వాసన అయ్యేవి. దాన్నే పీల్చుకుంటూ ఉన్నాం.

గోడలకు సున్నం వేయడం అయిపోయిన రోజు ఒక మూల నిలబడి నా పని చూసుకుంటున్నాను. గూట్లో అయిదు గ్లాసులు, అయిదు రంగులు. బిందెల మీద మూతలు. అన్న మగ్గం మీద ఉన్నాడు. వదిన గుంట పక్కన పీట మీద కూర్చొని, కాచిన నీళ్ళు తన ఎర్ర దారం గ్లాసుతో తాగి, నాకు చూపించి, "సరిపాయెనా ఇంజినేరు సాబ్?" అని గూట్లో పెట్టింది.

అదే క్షణంలో అన్న ఖాళీ అయిన నాడెను పక్కకు చాపాడు. ఆమె అందుకొని, అయిపోయిన కండె, అంటే నూలు చుట్టే పుల్ల, తీసి కొత్త నూలు కండె పెట్టింది. నాడె పక్కన చిన్న పింగాణీ కన్ను ఉంటుంది. దారం కొస అందులోంచి బయటికి రావాలి. ఆమె ఆ కంటికి పెదాలు ఆనించి గాలి లోపలికి పీల్చింది. కొస నాలుక మీదికి వచ్చింది. రెండు వేళ్ళతో లాగి, నాడెను అన్నకిచ్చింది. అన్న దాన్ని వదిలాడు. కాసేపటికి రెండో నాడె ఖాళీ అయింది. ఈసారి వదిన చేతిలో కండె ఇంకా సిద్ధంగా లేదు. అన్నే పెట్టుకొని, తనే పీల్చుకొని నేశాడు. అది ఖాళీ అయ్యాక మళ్ళీ వదిన చేతికి వచ్చింది. ఆమె మళ్ళీ నోరు పెట్టింది.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. నేనూ చేశాను. మా పిల్లలందరికీ మాటలు వచ్చే వయసుకు ఈ పీల్పు కూడా వస్తుంది. ఊపిరి తీసుకోవడాన్ని ఎవరూ పని అనుకోనట్టు దీన్ని కూడా పని అనుకోలేదు. అయిదు గ్లాసులు వేరు చేశాను. పొద్దంతా ఇంట్లో అందరి నోళ్ళూ ఒకే పింగాణీ కంటికి ఆనుకుంటున్నాయి.

భోజనాల దగ్గర చెప్పాను. నాడెకు నోరు పెట్టడం మానాలని.

నాయన జొన్న రొట్టె తుంచుతూ, "ఏం పెట్టాలె మరి? ముక్కా?" అన్నాడు.

అన్న పకపక నవ్వాడు.

"కొక్కెం జేస్త నాయినా. సన్న తీగ. కంట్లోకెల్లి పోనిచ్చి కొస గుంజొచ్చు."

"మా తాత పీల్చిండు. మా నాయిన పీల్చిండు. ఆ నోటికెల్లి దారం వచ్చింది గనుకనే నీ నోట్లెకు బువ్వ వచ్చింది. ఇయ్యాల నోరు పాడైందా నీకు?"

"అది గాదు నాయినా. జరం నోటికెల్లే గదా అంటేది. ఒకరి నోరు పెట్టిన కాడ ఇంకొకరు పెడితె... మొన్న ఎదురింట్ల గూడ..."

అక్కడ ఆగిపోయాను. ఆలోచించి అన్న మాట కాదది. వాక్యం తనంతట తాను అటు వెళ్ళింది. నాయన చేతిలో రొట్టె ముక్క ఉంది. దాన్ని పప్పులో అద్దలేదు, పళ్ళెంలో పెట్టలేదు. అలా పట్టుకొనే ఉన్నాడు. ఎదురింటి కోడలు ఆయన పక్కన కూర్చొని, ఆయన నోటి నుంచి వచ్చిన నాడెను తన నోటికి పెట్టుకొని, మళ్ళీ ఆయనకు ఇచ్చిన రోజులు ఆయన కళ్ళ ముందు ఉన్నాయని మాకందరికీ తెలిసింది. ఎవరి నుంచి ఎవరికి పోయిందో చెప్పగలిగేవాళ్ళు లేరు. ఆమెకే ముందు వచ్చి ఉండొచ్చు. కాని గొంతు గరగర ముందు మొదలైంది ఆయనకు.

"బువ్వ దగ్గర ఏం ముచ్చట్లురా ఇవి" అని అవ్వ పళ్ళేలు ఎత్తింది.

ఆ తర్వాత చాలా రోజులు నాయన నాతో మాట్లాడలేదు. కొక్కెం మాట వస్తే మాత్రం లేచి వీధిలోకి పోయేవాడు.

కొక్కెం చేశాను. సైకిల్ బ్రేకు తాడులోంచి ఒక తీగ విడదీసి, కొసను దీపం మీద కాల్చి వంచాను. గట్టిగా ఉంటుంది, విరగకుండా వంగుతుంది. వదిన స్థానంలో పీట మీద నేను కూర్చున్నాను. ఆమెను వెనక్కి పంపాను. మొదటి రోజు దారం కొక్కేనికి తగలదు, తగిలితే జారుతుంది, జారకపోతే తెగుతుంది. అన్న ఖాళీ చేయి చాపి ఉండేవాడు. మగ్గం ఆగిపోయేది.

"ఇది పోగు పట్టేలోపల నా బిడ్డ పెండ్లి అయితది" అన్నాడు.

"పుట్టనీ ముందు" అంది వెనక నుంచి వదిన.

నా చిక్కు పెరిగింది. నోరు పెడితే పడుగు వేగంగా దిగుతుంది, జ్వరం కూడా అంతే వేగంగా తిరుగుతుంది. కొక్కెం పెడితే నోరు ఆగుతుంది, పడుగు కూడా ఆగుతుంది. లెక్క ఒక్కటే మిగిలింది: ఒక నాడె నడుస్తుండగా ఇంకో రెండు సిద్ధంగా ఉంటే నా చేయి ఎంత నిదానమైనా మగ్గం ఆగదు. మా దగ్గర ఉన్నవి రెండే. మూడోది నాయన గూట్లో ఉంది. అడిగే ధైర్యం లేదు. తాకే ధైర్యం అసలే లేదు.

ఒక పొద్దున నీళ్ళు పట్టుకొని వచ్చేసరికి నా పీట పక్కన మూడు నాడెలు వరసగా ఉన్నాయి. నాయనది తడిగా ఉంది, కడిగినట్టున్నాడు. అందులో కండె పెట్టి ఉంది. దారం కొస కంట్లోంచి బయటికి వచ్చి ఉంది. పక్కనే నా కొక్కెం. నాయన మాత్రం వాకిట్లో అటు తిరిగి పళ్ళు తోముకుంటున్నాడు.

దీపావళి ముందే దగ్గు గల్లీలోకి తిరిగి వచ్చింది. మొదట జోడ్‌భావి పేట్‌లో అన్నారు, తర్వాత మా గల్లీ చివరి వాడాలో, తర్వాత నీళ్ళ నల్లా దగ్గర. మేం తలుపు వేసుకున్నాం. ఆకులు తేవడానికి అవ్వ వెళ్ళడం మానింది. కత్తెర చాటలో ఊరికే పడి ఉండేది. కత్తిరించడానికి ఆకు లేని ఆ చేతులు ఏం చేయాలో తెలియక కడిగిన గ్లాసులనే మళ్ళీ కడిగేవి. నేనొక్కణ్ణి జనం లేవకముందు నల్లా దగ్గరికి పోయి వచ్చేవాణ్ణి. అన్న నేసేవాడు, నేను కొక్కెం పెట్టేవాణ్ణి. వదిన వెనక ఏడు అడుగుల్లో, పొయ్యికీ నిచ్చెనకూ మధ్య. ఆమె బయటికి పోవాల్సి వచ్చినప్పుడు మగ్గం ఆపి, మేమిద్దరం గోడకు అతుక్కునేవాళ్ళం. ఆమె పక్కకు తిరిగి, కడుపు పడుగు మీదికి వస్తుంటే రెండు చేతులతో పైకి ఎత్తిపట్టి, పోగులకు తగలకుండా ఆ సందు దాటేది. ఒకసారి మధ్యలో ఆగి, "ఇంకొక వారమైతె నేను ఈ సందుల పట్ట. అటు ఉంటె అటే, ఇటు ఉంటె ఇటే" అంది. నవ్వుతూ అన్నదే. ఆమె దాటగానే అన్న మళ్ళీ నాడె అందుకున్నాడు.

అప్పుడు అన్నకు జ్వరం వచ్చింది. నూలు కోసం ఒక్కసారి శేఠ్ దుకాణానికి వెళ్ళాడు. అక్కడో, దారిలోనో అంటింది. రెండు రోజులు పోయాక, పొద్దున బాగానే ఉన్నాడు, మధ్యాహ్నానికి గుంటలోంచి పైకి రావడానికి నా భుజం పట్టుకున్నాడు. పథకం ప్రకారం అటక ఎక్కించాను. నీలం దారం గ్లాసు పైకి పంపాను. పథకంలో అంతవరకే ఉంది. మగ్గం మీద ఇంకా రెండున్నర చీరల పడుగు ఉంది.

నేను గుంటలో దిగాను. నేత డిప్లొమా చివరి ఏడాది చదువుతున్నాను, పడుగు పేకల లెక్కలన్నీ వచ్చు. స్కూల్లో నేను నా చేతులతో నేసిన నమూనా గుడ్డ జానెడు. రెండో రోజుకు ఒక మూర నేశాను. దాంట్లో సగం చూసి నాయన కళ్ళు మూసుకున్నాడు.

"ఏమిరా అల్లుడా, తలుపు తీస్తలేవు?"

ఎదురింటి మామ. తలుపు సందులోంచి చూశాను. తలకు రుమాలు, నడుముకు తన నాడె.

"రావద్దు మామా. అన్నకు జరం."

"జరమైతెనే గదరా వచ్చిన. జరం లేకుంటె నీ మొకం సూడనీకి వస్తనా? ఎంత మిగిలింది పడుగు?"

"రెండున్నర చీర. నేను నేస్తున్న మామా."

"ఇన్న. నువ్వు నేసేది గల్లీ అంతా ఇనపడుతుంది. నేసినట్టు లేదు, ఎవనో తలుపు కొట్టినట్టుంది. తియ్, తియ్."

తీయలేదు. వదిన వెనక నిలబడి ఉంది. మామ దగ్గలేదు, జ్వరం ఉన్నట్టు లేడు. కాని ఆయన ఇంట్లో ఎవరున్నారో, ఆయన ఎవరి మగ్గం మీద నుంచి లేచి వచ్చాడో నాకు తెలియదు. 

మామ గొంతు మారింది. "మీ నాయిన మా ఇంట్ల కూసోని నేసిండు. మేమంతా పీనుగుల్లెక్క పడి ఉంటె ఆయన వచ్చిండు. ఇయ్యాల నేను గడప బయట నిలబడి సూడాల్నా? ఎవడైన ఇంటె ఏమంటడు?"

నాయన లేచి సందులోంచి తలుపు దగ్గరికి వచ్చాడు. నన్ను పక్కకు జరిపాడు. తలుపు మాత్రం తీయలేదు. చెక్క మీద అరచేయి పెట్టి మాట్లాడాడు.

"పో బావా. నువ్వు నేసుడు వద్దు."

"ఏంది బావా? ఏం తప్పైంది?"

"నీ తప్పు లేదు." కొంచెం ఊపిరి పీల్చుకున్నాడు. "ఆ పొద్దు నేను మీ ఇంటికి రాకుంటె మంచిగుండు."

 బయట గడప రాయి మీద చెక్క పెట్టిన చప్పుడు, దూరమయ్యే చెప్పుల చప్పుడు. తలుపు తీసి చూస్తే మామ నాడె గడప మీద ఉంది.

ఆ మధ్యాహ్నమే వదినకు నొప్పులు మొదలయ్యాయి. మేం అనుకున్న వారం ఇంకా రాలేదు. మంత్రసాని వచ్చింది. పర్మాంగనేట్ కలిపిన ఎర్ర నీళ్ళలో చేతులు ముంచమంటే, "మీ ఇంట్ల పుట్టే పోరడు డాక్టరే అయితడు తియ్" అని ముంచింది. తర్వాత గది చూసింది. వెనక పొయ్యి, పైన అటక మీద అన్న దగ్గు. ముందు గోడ నుంచి గోడ దాకా పడుగు.

"పండవెట్టేదేడ? ఈ దారాల మీదనా?"

గుంజ దగ్గర కట్టు విప్పినా ఇటు కొస మగ్గానికే ఉంటుంది, గుంట మూయాలంటే పడుగు కోయాల్సిందే. పడుగును మధ్యలో కోయడం మా గల్లీలో ఒకే ఒక సందర్భంలో జరుగుతుంది, నేసేవాడు చచ్చిపోతే. నేసేవాడు పైన దగ్గుతున్నాడు. అవ్వ ఆ మాట నోటితో అనకుండా చేయి అడ్డం పెట్టుకొని నాయన వైపు చూసింది. వదిన నిచ్చెన పట్టుకొని పళ్ళు బిగించి నిలబడి ఉంది. నేను కాగితం మీద గీసిన ఇంట్లో ఈ క్షణానికి చోటు లేదు.

నాయన చాటలోంచి అవ్వ బీడీ కత్తెర తీసుకున్నాడు. ఆకులు కోసే చిన్న కత్తెర. పోగులను వరసలో పట్టే పన్నె నుంచి జానెడు వదిలి, గోడ వైపు అంచు నుంచి మొదలు పెట్టాడు. పద్దెనిమిది వందల పోగులు. ఒక్కొక్క కోతకు పిడికెడు పోగులు బిగువు పోయి నేల మీదికి జారేవి. సగం దాటాక ఆయాసం వచ్చి ఆగాడు. నేను చేయి చాపితే కత్తెర ఇవ్వలేదు. ఊపిరి అందాక మిగతా సగం కోశాడు. అన్న పై నుంచి "ఏం చప్పుడది?" అని అడిగాడు. "నీకేం లేదు బిడ్డా, పండుకో" అంది అవ్వ.

నేను పడుగును చుట్టగా చుట్టి గుంజకు వేలాడదీశాను. పలకలు పరిచాం, మంచం వేశాం, చాదర్ కట్టాం. మూడు నెలలుగా మనసులో పెట్టుకున్న చోటు అది. మొదటిసారి ఆ గదిలో గోడ నుంచి గోడకు నేరుగా నడవగలిగింది వదిన. నడిచి, పడుకుంది.

నాయనా నేనూ బయట గడప మీద కూర్చున్నాం. మా మధ్య మామ నాడె. ఆయన దాన్ని తాకలేదు, నేనూ తాకలేదు. పొద్దు గూకక ముందే లోపల నుంచి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. మంత్రసాని బయటికి వచ్చి, "ఇద్దరూ మంచిగున్నరు. పెద్దాయినా, ఊపిరి వదులు ఇగ" అంది.

అన్నను జ్వరం దిగాక కూడా అటక మీదే ఉంచాను. కూతురి ముఖం మొదటిసారి అక్కడి నుంచి, అవ్వ కింద నిలబడి ఎత్తి చూపిస్తే చూశాడు. వదినకు జ్వరం రాలేదు. కొక్కెం వల్లనో, అటక వల్లనో, ఆమె అదృష్టం వల్లనో, చెప్పడానికి నా దగ్గర ఏ కొలతా లేదు.

గల్లీలో దగ్గులు పలచబడ్డాయి. వదిన పురిటి స్నానం చేసి వెనక్కి మారాక పలకలు ఎత్తి, పడుగును మళ్ళీ సాగదీశాం. కోసిన ప్రతి పోగునూ దాని జత పోగుతో కలిపి, వేలికి బూడిద అద్దుకొని మెలిపెట్టాలి. నాయన, అవ్వ, నేను ముగ్గురం కూర్చున్నాం. ఎన్ని రోజులైనా తరగని పని. అది కూడా అయిపోయింది. అన్న కాళ్ళలో ఇంకా తొక్కే బలం రాలేదు.

నాయన తలుపు తీసి వాకిట్లో నిలబడి పిలిచాడు. "బావా, నీ నాడె మా ఇంట్లనే ఉన్నది. వచ్చి పట్టు పని."

మామ వచ్చాడు.  రుమాలు తీసి గుంజకు వేసి, గుంటలో దిగి కూర్చున్నాడు. ఆయన నాడెను నాయన అప్పటికే వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి ఉంచాడు. నేను కండె ఇచ్చాను. మామ దాన్ని నాడెలో పెట్టి, అలవాటుగా నోటి దగ్గరికి ఎత్తాడు.

"ఆగు బావా." నాయన కొక్కెం ఆయన చేతిలో పెట్టాడు. "నోరు పెట్టకు. దీనితోని గుంజు."

"ఎందుకు?"

నాయన చాదర్ వైపు చూశాడు. వెనక వదిన పిల్లకు పాలిస్తోంది. "ఇంట్ల బాలింత ఉన్నది గద" అన్నాడు.

మామ కొక్కెం వైపు చూశాడు. తర్వాత నాయన ముఖం వైపు. నాయన చూపు తిప్పుకోలేదు. కోడలు పోయిన ఇంటి నుంచి వచ్చిన మనిషి ఆ తీగను వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పాడు. అడగాలంటే ఆయనకు అడగాల్సింది చాలా ఉంది. ఆయన నాయనను అడగలేదు. నా వైపు తిరిగాడు.

"దీన్ని ఎట్ల పట్టాలెరా అల్లుడా?"

చూపించాను. మొదటిసారి దారం జారింది. రెండోసారి తెగింది. మూడోసారి కొస బయటికి వచ్చింది. మామ దాన్ని వేళ్ళతో పట్టి మూరెడు లాగి, నాడె వదిలాడు. నాయన కిటికీ గోనె విప్పి, నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ దాని చోట కట్టాడు.